వాకబుకొచ్చిన మనిషి

విజయనగరంలోని ఆ అద్దింట్లో ఆ రోజు మామూలుగానే తెల్లారింది. వంటింట్లో కాంతం రాగిపిండితో చోడంబలి కలుపుతోంది. వీధరుగు మీద ఆమె భర్త అప్పలస్వామి, పాలవాడికి మరోసారి ‘మావోడు మేనేజరు’ అని చెప్పి పంపించాడు. బొబ్బిలి దగ్గరి పొలం కౌలుకిచ్చి కొడుకు పంచన చేరి ఎన్నాళ్లయినా ఆ మాట ఆయనకు పాతబడలేదు. ఎలా పాతబడుతుంది? దుక్కి దున్నిన ఇంట్లో మెడకి టై కట్టిన మొదటివాడు యుగంధర్!

ఆ యుగంధర్ లోపల చొక్కా ఇస్త్రీ చేస్తూ పదే పదే ఫోన్ చూసుకుంటున్నాడు. పని సూపర్ మార్కెట్ బ్రాంచీలో, పేరుకి మేనేజరు. మేనేజర్లకి ఓవర్‌టైం ఉండదని చెప్పి కంపెనీ ఏళ్లుగా వాళ్ల కష్టానికి రావాల్సిన డబ్బు ఎగ్గొట్టింది. బస్తాలు దించేదీ నేల తుడిచేదీ మేమే, ఒకరిని పనిలో పెట్టే అధికారం, తీసేసే అధికారం మాకు లేవు, మేం మేనేజర్లం ఎలా అవుతామని బ్రాంచీల వాళ్లంతా కలిసి కేసు వేశారు. అది ఇవాళ కార్మిక శాఖ ఆఫీసులో రాజీ కావాలి. ఇంట్లో మాత్రం యుగంధర్ ‘పాత బాకీ ఏదో వస్తాదట’ అని ఊరుకున్నాడు.

ఫోన్ మోగింది. బొబ్బిలి బ్రాంచీ మేనేజరు రమేష్‌బాబు. విన్నకొద్దీ యుగంధర్ మొహం పాలిపోయింది. విసురుగా అరుగు మీదకొచ్చాడు.

“నాన్నా, మొన్న మనింటికి ఎవరైనా వచ్చి నా ఉద్యోగం గురించి అడిగారా?”

అప్పలస్వామి మొహం వెలిగిపోయింది. “వచ్చాడురా. ఆడపిల్లోరి తరపు మనిషి. కాయమయ్యాక సెప్దామనుకున్నాను.”

“పెళ్లోరి మనిషని ఆయన సెప్పాడా?”

“సెప్పాలేటి? పెళ్లికెదిగిన కుర్రోడి గురించి కొత్తమనిషి అడిగితే వాకబు కాక మరేటి? కాఫీ కూడా ఇప్పించాను.”

“ఏటి సెప్పావు?”

“మావోడు కుర్సీలోంచి లేవడు, పనోళ్లని ఎట్టేదీ ఆడే, తీసేసేదీ ఆడే అన్నాను. ఏటి, తప్పా?”

“ఆయన మా కంపెనీ మనిషి నాన్నా! నీ మాటలు రికార్డు సేసి లేబరాఫీసులో మా బాకీ కేసు సూసే ఆఫీసరు ముందెట్టార్ట. ఈడు అసలైన మేనేజరే, కేసులోంచి ఈడి పేరు తియ్యకపోతే ఎవరికీ రాజీ లేదంటన్నారట. మావోళ్లేమో నేను కంపెనీకి అమ్ముడుపోయాననుకుంటన్నారు!”

కాంతం పరుగున వచ్చింది. “పెద్దోడిమీద కేకలేటిరా? ఆయనకేటి తెలుస్తాది?”

“తెలీకపోతే నోరు మూసుకోవాల!”

ఆ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. యుగంధర్ వెనక్కి చూడకుండా స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

అప్పలస్వామి అరుగు మీంచి లేచి, “కాంతం, నా సొక్కా ఇలా ఇయ్యి,” అన్నాడు.

ఆయన ఆటో దిగి ఆ ఆఫీసు హాల్లోకి వెళ్లేసరికి యుగంధర్ ఒక మూల ఒంటరిగా నిలబడి ఉన్నాడు. పక్కనెవరూ లేరు. అప్పలస్వామి నేరుగా ఆఫీసరు బల్ల దగ్గరికి నడిచాడు.

“ఆ మాటలు నావే బాబూ,” అన్నాడు ఆఫీసరుతో. “పెళ్లోరి మనిషనుకుని అబద్ధం సెప్పాను.”

కంపెనీ లాయరు నవ్వాడు. “డబ్బు రాదనగానే పెద్దాయన మాట మార్చేశాడు సార్.”

“మీ అబ్బాయి ఏం పని చేస్తాడో మీకెలా తెలుసు?” అడిగాడు ఆఫీసరు.

అప్పలస్వామి కొడుకు వంక చూశాడు. కాంతానికి కూడా చెప్పని మాట అది. చెప్తే వాడి పరువు పోతుంది. చెప్పకపోతే వాడే పోతాడు.

“సూసాను బాబూ. ఓపాలి కేరేజీ అట్టుకెళ్లాను. ఎనకాల లారీ ఆగున్నాది. మావోడు టై భుజం మీదకి తోసుకుని, బియ్యం బస్తా ఈపునేసుకుని దించుతన్నాడు. ఇంకో బస్తా, ఇంకో బస్తా. సాయానికి ఎవులూ లేరు. నన్ను సూత్తే సిగ్గుతో సచ్చిపోతాడని కేరేజీ వాచ్‌మేన్‌కిచ్చి ఎలిపొచ్చీసాను. అయినా ఈదిలో మేనేజరనే సెప్పుకున్నాను. ఆ మాట వొదులుకోడానికి మనసొప్పలేదు. మావోడు ఆఫీసరు కాడు బాబూ. కూలోడు. నాలాగే.”

అప్పటిదాకా మొహం తిప్పుకున్న రమేష్‌బాబు వచ్చి యుగంధర్ పక్కన నిలబడ్డాడు. తరవాత మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చారు. ఆఫీసరు లాయరు వైపు తిరిగి, పెళ్లి వాకబు మాటలు సాక్ష్యం కావన్నాడు. లాయరు బయటికి వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చి, ఎవరి పేరూ తియ్యక్కర్లేదు, రాజీకి ఒప్పుకుంటున్నామన్నాడు.

సంతకాలయ్యాక యుగంధర్ మెట్ల మీద తండ్రిని అందుకున్నాడు.

“ఆ కేరేజీ తెచ్చిన రోజు నువ్వు లోనకెందుకు రాలేదని అమ్మని అడిగాను నాన్నా. నేను మీటింగులో ఉన్నానని నువ్వు సెప్పావంది. వాచ్‌మేన్ నీకలా సెప్పాడనుకున్నాను.” కన్నీళ్ల మధ్యే నవ్వొచ్చిందతనికి. “నాకేనాడైనా మీటింగుందా నాన్నా?”

“నువ్వు మాత్రం సెప్పావేటి?”

“ఈదిలో మేనేజరని సెప్పుకుంటన్నప్పుడు నీ మొగం సూసి సెప్పలేకపోయాను. పొద్దున్న ఆ మాటన్నాను, నన్ను...” మాట పూర్తికాకుండానే తండ్రి భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అప్పలస్వామి వీపు నిమిరాడు. “అందరి ముందూ కూలోడన్నానని కోపవేటిరా?”

“లేదు నాన్నా,” అన్నాడు యుగంధర్. “‘నాలాగే’ అన్నావు కదా. అది నాకు బాగున్నాది.”