మొదటి గుక్క

"కూస్కోలో ఉన్నంతసేపూ నీ కుడిచెయ్యి జేబులోనే ఉండాలి. తెలిసిందా?"

లీమాలో ఆ కిటికీలేని గదిలో కర్నల్ బుస్తియోస్ ఈ మాట అనగానే ఏజెంట్ అబ్దోన్ తుపయాచి నేలచూపులు చూశాడు. తప్పు తనదే. పోయినేడాది ఒక రాయబారి ఇంటి విందులో, కోటీశ్వరుడి వేషంలో ఉండి కూడా, గ్లాసు అందుకోగానే అలవాటుకొద్దీ రెండు చుక్కలు కింద ఒలికించాడు. కొండసీమలో పుట్టినవాడెవడైనా అంతే. నేలతల్లి పచమామకి మొదటి గుక్క పోశాకే తన గొంతు తడుపుకుంటాడు. అయితే అక్కడ కింద ఉన్నది నేల కాదు, రాయబారిగారి పట్టు తివాచీ. కవర్ అక్కడికక్కడే గోవిందా!

"ఈసారి నువ్వు లీమాలో బొత్తాలమ్ముకునే ఫెర్రేరోస్‌వి. కొండ మొహం ఎప్పుడూ చూడలేదు. టూర్ బృందంతో దిగుతావు. కాంటాక్ట్ బెలిసారియో. గాజుకన్ను ముఠాకి దొంగ రేడియోలు చేసిపెట్టిన ఇంజనీరు. ఇప్పుడు బుద్ధొచ్చి మన వైపుకి వస్తానంటున్నాడు. విదేశీయులకి అమ్ముడుపోయిన మన ఆఫీసర్ల పేర్లన్నీ అతని బుర్రలోనే ఉన్నాయి."

"అతను చస్తే?"

"పేర్లూ చస్తాయి. వాళ్ళ హంతకుడు కూడా మీ బృందంలోనే వస్తున్నాడు. ఆడో మగో కూడా తెలీదు."

"నన్నే ఎందుకు పంపుతున్నారు సార్?"

"ఊరు తెలిసినవాడు కావాలి. ఊరివాడని తెలియకూడదు. చెయ్యి జాగ్రత్త!"

విమానం కొండల మీద, గాలి పల్చగా ఉండే కూస్కోలో దిగింది. మెట్లు దిగుతుండగానే అబ్దోన్‌కి ఊపిరి ఆడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఈ కొండల మీద గొర్రెల వెంట పరుగులు తీసిన మనిషి! పన్నెండేళ్ళు సముద్రపుటొడ్డున లీమాలో బతికేసరికి ఊపిరితిత్తులు కూడా ఊరు మర్చిపోయాయి.

హోటల్లో అందరికీ ఆయాసం తగ్గడానికి కోకా ఆకుల టీ ఇచ్చారు. గైడ్ నేలిదా చప్పట్లు కొట్టింది. "అమ్మా, అయ్యా! ఇక్కడ మూడే సూత్రాలు. మెల్లగా నడవాలి, కొంచెంగా తినాలి, ఒంటరిగా పడుకోవాలి."

"మొదటి రెండూ సరేలే తల్లీ, మూడోదే కష్టం," అంది ఎర్రశాలువా సుందరి రెనాతా. బృందమంతా పగలబడి నవ్వింది. అబ్దోన్ మాత్రం నవ్వలేకపోయాడు. విమానంలో ఆమె అతని జాతకమంతా ఆరా తీసింది. బొత్తాల గురించి అన్ని ప్రశ్నలు వేసే అందగత్తెని అతనింతవరకూ చూడలేదు.

మూల సోఫాలో హాగెన్ అనే విదేశీయుడు ఆక్సిజన్ సీసాని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని రొప్పుతున్నాడు. పిట్టల ఫొటోలు తీస్తాడట. "నన్ను... సముద్రం దగ్గర... పూడ్చండి," అన్నాడు. పాపమనిపించింది.

అబ్దోన్‌కి కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. కుడిచేతిని జేబులో ఇంకా లోపలికి తోశాడు. మధ్యాహ్నం బృందం భోజనాల దగ్గరే ఇంజనీరుని కలవాలి. హంతకుడెవరో తేలకుండా ఇంజనీరు ఎదుట కూర్చోవడమంటే, పులి ఎటునుంచి వస్తుందో తెలియకుండా మేకకి కాపలా కాయడమే.

నేలిదా అందర్నీ సాన్ బ్లాస్ పేట మెట్లదారిలో పైకి నడిపించింది. ఒక గుమ్మం మీద కర్రకి ఎర్రగుడ్డ వేలాడుతోంది. లోపల మొక్కజొన్న కల్లు, చిచా, తాజాగా ఉందని గుర్తు. ఆ గుమ్మం చూడగానే అబ్దోన్ అక్కడే ఆగిపోయాడు. ఊరినిండా చిచా అంగళ్ళే. ఈ ఇంజనీరుకి తన మేనత్త కసిల్దా అంగడే దొరికిందా!

మట్టినేల, పొగచూరిన గోడలు, పొయ్యి పక్కన కిచకిచమంటూ తిరిగే కూయిలు. ఎలుక కన్నా పెద్దవి, కుందేలు కన్నా చిన్నవి, తోకలేనివి. పండక్కి పొయ్యెక్కేవి. చిన్నప్పుడు వాటికి గడ్డి వేసింది తనే. కసిల్దా తెడ్డు పట్టుకుని ఎదురొచ్చింది. అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"రండి లీమా దొరగారూ! అయ్యో, చేతికేమైంది, జేబులో దాచుకున్నారు?"

"బెణికిందండీ."

"ఓహో. ఇంటికి ఉత్తరం ముక్క రాయలేని చెయ్యేమో అనుకున్నా. మీరు కాదులెండి! మా ఇంట్లో ఒక వెధవ ఉండేవాడు. పన్నెండేళ్ళయింది, బతికాడో చచ్చాడో కబురు లేదు."

అబ్దోన్‌కి అత్త ఒళ్ళో తలపెట్టి ఏడవాలనిపించింది. "అలాంటివాళ్ళు ఉంటారండీ," అని మాత్రం అన్నాడు.

"ఉంటారు, ఉంటారు," అంటూ ఆమె తెడ్డుతో కుండలో గట్టిగా కలిపింది.

హాగెన్‌ని చిచా జాడీలున్న బల్ల పక్కన కూర్చోబెట్టారు. అతను సీసాని బల్ల మీద పెట్టి, దాని మీదే వాలిపోయాడు. అబ్దోన్ అతన్ని వదిలేసి రెనాతా మీదే ఓ కన్నేసి ఉంచాడు.

కిటికీ పక్కన బూడిదరంగు టోపీతో ఒక నడివయసు మనిషి ఒంటరిగా కూర్చున్నాడు. అబ్దోన్ అతని ఎదుట కూలబడ్డాడు.

"ఈ మెట్లెక్కితే మోకాళ్ళు మిగులుతాయాండీ?"

"మోకాళ్ళు మిగలవు, ఆకలి మిగులుతుంది," అన్నాడతను.

కోడ్ కలిసింది. బెలిసారియో ఉప్పొంగిపోయి చెయ్యి చాచాడు. అంత ప్రాణభయంలో ఉన్న మనిషి చాచిన చేతిని ఎలా కాదనడం? అబ్దోన్ కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది.

"ఇంత ఎండలో గొంతులెండబెట్టుకుని ముచ్చట్లేమిటండీ!" రెనాతా బల్ల మీంచి ఒక జాడీ తెచ్చి ఇద్దరి గ్లాసులూ నింపింది. "ఆ ఫొటోలాయన పంపాడు. తను తాగలేడట, పాపం."

నోరెండిపోయిన ఇంజనీరు గబుక్కున గ్లాసెత్తాడు. అతను సముద్రం వైపు మనిషి, నేలకి పోసే అలవాటు లేదు. అబ్దోన్ కూడా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి కర్నల్ మాట వినలేదు. అడక్కుండానే వంగింది. రెండు చుక్కలు మట్టినేల మీద పడ్డాయి.

చచ్చాం! కవర్ మళ్ళీ గోవిందా! కంగారుగా కిందికి చూశాడు. ఒక కూయి పరిగెత్తుకొచ్చి ఆ తడిని ఆబగా నాకింది. కీచుమంది. కాళ్ళు తన్నుకుంది. మళ్ళీ కదల్లేదు.

బెలిసారియో పెదవికి గ్లాసు తగిలింది.

అబ్దోన్ అరవలేదు. అరవడానికి ఊపిరేదీ? బల్ల మీదుగా చెయ్యి విసిరాడు. గ్లాసు ఎగిరి గోడకి కొట్టుకుని ముక్కలైంది. మరుక్షణం రెనాతా మణికట్టు అతని పిడికిట్లో ఉంది.

"దొరికావే!"

"వదులు, మొద్దబ్బాయ్! నన్ను కాదు, వాణ్ణి చూడు!"

హాగెన్ లేచి నిలబడ్డాడు. రొప్పు లేదు, ఆయాసం లేదు. సీసా మూత తిప్పాడు. అందులోంచి పిస్టల్ గొట్టం తొంగిచూసింది, సూటిగా ఇంజనీరు నుదుటికేసి.

రెనాతా ఎర్రశాలువా గాల్లో విచ్చుకుని అతని చేతిమీద పడింది. తూటా పైకప్పులోకి దూసుకెళ్ళింది. అంతలో వెనకనుంచి కసిల్దా తెడ్డు అతని నడినెత్తిన ఠంగున మోగింది. హాగెన్ గోనెసంచిలా కూలాడు.

"నా కూయిని చంపుతావట్రా, పాపిష్టోడా!"

రెనాతా పౌడర్ డబ్బా తెరిచింది. అద్దం వెనక వైర్‌లెస్. "నేనూ కర్నల్ పంపినదాన్నే. ముఠా నన్ను తమ మనిషే అనుకుంటోంది. హంతకుడెవరో నాకూ చెప్పలేదు," అంది. "విషం కలిపిన జాడీ నాచేతే మోయించాడు, దౌర్భాగ్యుడు!"

డబ్బాలోంచి కర్నల్ గొంతు. "ఇంజనీరు?"

"బతికే ఉన్నాడు సార్. అప్పుడే పేర్లు చెప్పేస్తున్నాడు, ఆపలేకపోతున్నాం," అన్నాడు అబ్దోన్.

"శభాష్. చెయ్యి జేబులోనే ఉంచావా?"

"లేదు సార్. మాట వినలేదు."

కర్నల్ ఇంకేదో అనబోయాడు. కసిల్దా కొత్త జాడీ, గ్లాసూ తెచ్చి మేనల్లుడి ముందు పెట్టింది. ఆమె కళ్ళు చెమర్చాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఆయనతో తర్వాత మాట్లాడొచ్చు. ముందు తల్లికి పొయ్యరా, వెధవా!"

అబ్దోన్ గ్లాసు వంచి, ఈసారి రెండు చుక్కలు కాదు, సగం గ్లాసు నేలకి పోశాడు. కూయిలు మాత్రం ఒక్కటీ దగ్గరికి రాలేదు.