చివరి కూపేలో రెండో గొంతు

మా పదకొండో బోగీలో చివరి కూపేకి మంచి పేరు లేదు. మాస్కో నుంచి వ్లాదివొస్తోక్ దాకా ఆ బోగీలో టీలు పోసి, పక్కలు వేసే ఆడవాళ్ళం మేం. అందులో ఎవరూ లేకపోయినా లోపల్నుంచి గడియ పడుతుందని, రాత్రుళ్ళు ఎవరో దగ్గుతారని మావాళ్ళు చెవులు కొరుక్కునేవాళ్ళు. గడియ వదులైంది, బిగిస్తే సరి అనేదాన్ని నేను.

జినైదా చెప్పింది విన్నాక... అనడం మానేశాను.

జినైదా, నేను వంతులేసుకుని పనిచేసేవాళ్ళం. ఆ చలికాలం ఆమె ఉద్యోగం ఉందా ఊడిందా అన్నట్టుంది. అంతకుముందు టికెట్ లేని మనిషొకడు ఆమె వంతులో తనిఖీవాళ్ళకి దొరికాడు. ఇంకోసారి దొరికితే ఇంటికే. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. పాపం, ఎలా భయపడకుండా ఉంటుంది!

పేర్మ్ స్టేషన్లో ప్రోఖోర్ అనే ముసలాయన ఎక్కాడు. ఒక్కడే అయినా చివరి కూపేలో రెండు బెర్తులూ కొనుక్కున్నాడు. ఎక్కగానే పాత బటన్ల ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక్కడ ప్లగ్గు పాడైందట తల్లీ. నీ గదిలో ఛార్జింగు పెట్టి, నీ దగ్గరే ఉంచు. సముద్రం వచ్చేదాకా నాకక్కర్లేదు."

ఛార్జింగు నిండాక జినైదా దాన్ని సొరుగులో పడేసి, మర్చేపోయింది.

ఆ మర్నాటి నుంచీ మొదలైంది ఆమె అనుమానం. ముసలాయన అడిగితే రెండు టీలు. రెండు గ్లాసులూ ఖాళీగా వస్తాయి. బైకాల్ సరస్సు దగ్గర పొగబెట్టిన చేపలు కొన్నా రెండే. తలుపు మాత్రం ఎప్పుడూ మూసే ఉంటుంది...

"ఎవర్నో దాచాడే ముసలాడు!" అంది నాతో.

"ఎక్కడ దాస్తాడే, జేబులోనా?" అని నవ్వాను.

ఆ రాత్రి జినైదా కారిడార్‌లో నడుస్తుంటే వినపడింది. ఆడగొంతు. సన్నగా, నిద్రమత్తుగా, ప్రోఖోర్‌ని ముద్దుపేరుతో పిలుస్తూ—

"ప్రోషా... సముద్రం వచ్చిందా?"

"ఇంకా లేదే. పడుకో."

జినైదా గుండె గుభేలుమంది. దెయ్యమని కాదు, ఉద్యోగం పోతుందని! పొద్దున్నే ఊడ్చే నెపంతో లోపలికెళ్ళింది. బెర్తు కింద పెట్టె ఎత్తి చూసింది. ఉన్నిశాలువా ఒకటి, అంతే. ముసలాయన చూసి కూడా ఏమీ అనలేదు. అదే ఆమెకి ఇంకా అనుమానంగా అనిపించింది.

మూడు రాత్రులు అదే గొంతు. అదే ప్రశ్న.

ఆఖరి రాత్రి ఖబరోవ్‌స్క్ దాటాం. తెల్లారేలోపు తనిఖీవాళ్ళు ఎక్కుతారని కబురొచ్చింది. జినైదా ఇక ఆగలేకపోయింది. తాళంచెవి పట్టుకుని చివరి కూపే ముందు నిలబడింది. లోపల్నుంచి మళ్ళీ అదే గొంతు...

ఒక్క ఊపున తలుపు తెరిచింది.

ముసలాయన ఒక్కడే. ఎదుటి బెర్తు మీద దుప్పటి, దాని మీద ఆ ఉన్నిశాలువా.

"ఎవరు తాతా ఆవిడ? నా కడుపు కొట్టకు. నిజం చెప్పు. ఆడగొంతు నేను విన్నాను!"

ఆయన కళ్ళు మెరిశాయి.

"నీకూ వినిపించిందా తల్లీ?"

"రోజూ వినిపిస్తోంది!"

"మా అగాఫ్యా. పోయి ఏడాదైంది. సముద్రం చూపిస్తానని పెళ్ళినాడు మాటిచ్చాను. గనిలో పని, ఎప్పుడూ కుదర్లేదు. గొంతు ఒక్కటే మిగిలింది, ఫోన్లో దాచుకున్నాను..."

ఫోన్లోనా! జినైదాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ ఫోన్లో గొంతుకా తను గడగడలాడింది! తనని తనే తిట్టుకుంది, ముసలాయన నుదుటి మీద ముద్దు పెట్టింది. తనిఖీవాళ్ళు వచ్చారు, చూశారు, పోయారు. ఉద్యోగం నిలబడింది.

తెల్లవారుతుండగా టీకి చక్కెర తీద్దామని తన గదిలో సొరుగు లాగింది.

ఫోను అందులోనే ఉంది. పేర్మ్‌లో ఇచ్చింది ఇచ్చినట్టే...

దాన్ని చేతిలోకి తీసుకుంది. బండి నెమ్మదించింది. కుడివైపు కిటికీల నిండా నీళ్ళు, గడ్డకట్టిన అంచుల దగ్గర తెల్లగా.

కారిడార్ చివర్నుంచి సన్నగా—

"ప్రోషా... సముద్రం వచ్చిందా?"

ముసలాయన జవాబివ్వలేదు. నిద్రపోయాడు కాబోలు. ఎదురుచూస్తున్నట్టు ఆ గొంతు మళ్ళీ అడిగింది.

జినైదా ఫోను గుండెకి హత్తుకుంది. మెల్లగా అంది:

"వచ్చింది మామ్మా. లేచి చూడు."

కూపే గడియ లోపల్నుంచి తీసిన చప్పుడైంది.