పంచుపొయ్యి

ఎండమూత పడి అరవై ఒక్క రోజులయింది.

పైన నేల మీద మధ్యాహ్నం యాభై ఏడు డిగ్రీలు. ఆ సంగతి గోడకున్న ముల్లు చెబుతుంది గాని, ముప్పై అడుగుల లోతున నేలింట్లో కూర్చున్నవాళ్ళకు వేడి తెలియదు. సీమ పల్లెలు ఇలా భూమిలోకి దిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఏటా ఉగాది వెళ్ళాక ఎండమూత అనే ఇనుప తలుపు దానంతట అదే పడుతుంది. తొలివాన తడి తగిలితే గాని లేవదు. ఆ నూటపది రోజులూ లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట.

గంగరత్న బయటి మనిషి. రెండు రోజుల పని మీద ఎర్రిస్వామి ఇంటికి వచ్చింది. ఆ ఏడు ఎండ తొమ్మిది రోజులు ముందొచ్చింది. తలుపు పడింది.

ఆమె వచ్చింది పంచుపొయ్యిని చూసిపోవడానికి. కాగితాల మీద దాని పేరు సమపోషిణి. చేసింది గంగరత్నే. గోడలో వరసగా కొర్రలు, రాగులు, ఉలవలు, అవిసె గింజలు, ఎండిన మునగాకు ఉన్న గాదెలు. పక్కన దీపాల కింద తొట్టిలో పెరిగే స్పిరులినా, అదే పచ్చనాచు. అన్నీ పేదవాడు కొనగలిగినవే. వాటిని ఏ పూట ఎంత కలిపితే ఒక్క గింజ బలం కూడా వృథా కాదో పొయ్యికి తెలుసు. మనిషి కూర్చున్న పీట బరువు చూస్తుంది. ఊపిరి వాసన పట్టి ఒంట్లో ఏది తగ్గిందో చూస్తుంది. వండి, కంచం కంచానికీ వేరుగా వడ్డిస్తుంది.

మొదటి ఏడు అది ఒంటి అవసరాన్ని బట్టే పంచింది. ఇళ్ళల్లో గొడవలయ్యాయి. కోడలి కంచంలో తనకంటే పెద్ద ముద్ద పడిందని ఒక మామ పొయ్యిని రోకలితో కొట్టాడు. రెండు వందల పొయ్యిలు తిరిగొచ్చాయి. అప్పుడు గంగరత్న దానికి ఇంకో బుద్ధి నేర్పింది. మొదటి ఇరవై రోజులు ఆ ఇంటివాళ్ళు ఒకరికొకరు ఎలా పెట్టుకుంటారో చూడాలి. ఎవరి ముఖమూ చిన్నబోని వాటా నేర్చుకోవాలి. ఆ తర్వాత ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆమెకు పతకం ఇచ్చారు.

"ఇంగొంచెం పెట్టించుకో పాపా," అంది ఎర్రిస్వామి తల్లి హనుమక్క. గంగరత్న కంచానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. చేతుల సందులోంచే సంగటి ముద్ద పడింది.

"ఏంది తినేది మీరు, కోడిపిల్ల మాదిరి," అన్నాడు ఎర్రిస్వామి. "తినండి మేడం. సూపర్‌ఫుడ్డు గదా."

"మా అవ్వ మేకలకేసిన మునగాకుకు ఈ పొద్దు ఇంగ్లీషు పేరొచ్చింది," అంది హనుమక్క. "మేకలు సచ్చిపోయినాయి గాని, ఉంటే నవ్వుండేవి."

అందరూ నవ్వారు. ఆమె కోడలు, ఎర్రిస్వామి భార్య పెన్నమ్మ కూడా నవ్వింది. పెన్నమ్మ పీట వరస చివర ఉంది. ఆమెకు ఏడో నెల. పొయ్యి ఆమె కంచంలో వేసిన ముద్ద నిమ్మకాయంత ఉంది. ఇంకా వెయ్యబోతే ఆమె ఒక్క చెయ్యి అడ్డం పెట్టింది. పొయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రం గోడ తెర మీద డాక్టరు కనిపించింది. పెన్నమ్మ బరువు చూసింది. "ఈ పదైదు రోజుల్లో బరువు పెరక్కపోతే బిడ్డ నిలవదు," అంది. "ఇంట్లో తిండి లేదా?"

"ఉండాదమ్మా," అన్నాడు ఎర్రిస్వామి.

పెన్నమ్మ లోపలికి వెళ్ళాక గంగరత్న పొయ్యి ముందు కూర్చుంది.

"పెన్నమ్మ వాటా ఎందుకు తగ్గించావు?"

"నేను తగ్గించలేదు," అంది పొయ్యి. దాని గొంతు పుస్తకం చదివినట్టుంటుంది. "ఈ ఇంట్లో చూసి నేర్చుకున్నాను. గాదెలు ముగ్గురి లెక్కకు నింపారు. నాలుగో మనిషి వచ్చింది. ఎక్కడో తగ్గాలి. మీరు చేతులు అడ్డం పెట్టినా వీళ్ళు పెడతారు. అది పెట్టవలసిన చోటు అనుకున్నాను. పెన్నమ్మ అడ్డం పెడితే వీళ్ళు ఆపుతారు. అది ఆపవలసిన చోటు అనుకున్నాను. తక్కువ తిన్న పూట ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. ఎక్కువ పెట్టిన పూట ఆమె కుదురుగా లేదు."

"నా వాటా?"

"రోజురోజుకూ పెరిగింది. మీరు మూడు కిలోలు పెరిగారు."

గంగరత్న తన చీర కుచ్చిళ్ళ వైపు చూసుకుంది. కొన్నాళ్ళుగా బిగుతుగానే ఉంది. ఊరకే కూర్చోవడం వల్ల అనుకుంది.

మరుసటి పూట హనుమక్క తన చేత్తో కోడలికి పెట్టింది. సగం తిన్నాక చూస్తే ఆ ముద్ద అత్త కంచంలోనే, పప్పు కింద దాగి ఉంది.

"యాలమ్మే ఇట్ల జేస్తావు?" అంది హనుమక్క.

"లోపలికి పోదత్తా. అక్క మనింటికొచ్చిన మనిషి, నువ్వేమో పెద్దదానివి. మీరు జూస్తాండగా అంత ముద్ద నేనెట్ల తినేది?"

ఇక పొయ్యిని మొదటి బుద్ధికి తిప్పడం ఒక్కటే దారి. ఒంటి అవసరాన్ని బట్టి పంచితే నలుగురూ కాస్త ఆకలితో ఉంటారు, ఎవరికీ ముప్పు రాదు. అయితే దానికి సమ్మతి తాళం ఉంది. ఇంట్లో బలమైనవాడు పంపకాన్ని తనవైపు తిప్పుకోకుండా గంగరత్నే పెట్టిన తాళం అది. ఇంటి పట్టీలో ఉన్నవాళ్ళందరూ, తలుపు పడ్డాక అందులో చేరిన గంగరత్నతో సహా, పొయ్యికి అరచెయ్యి ఆనించాలి. నోటితో అవునంటే చాలదు. నాడినీ చెమటనూ చూసి, ఆ మనిషి నిజంగా ఒప్పుకున్నాడో లేదో తాళమే తేలుస్తుంది. కోడళ్ళను బెదిరించి చెయ్యి పెట్టించకూడదని ఆమె రెండేళ్ళు కష్టపడింది.

"పెట్టు పెన్నమ్మా," అంది గంగరత్న. "నీ బిడ్డ కోసం."

పెన్నమ్మ అందరికంటే ముందు పెట్టింది. తర్వాత ఎర్రిస్వామి. తర్వాత హనుమక్క. చివర గంగరత్న.

"ఒక చెయ్యి ఒప్పుకోలేదు," అంది పొయ్యి.

ఎవరి అరచెయ్యి వాళ్ళు చూసుకున్నారు.

"నాదే అయ్యుంటాది," అంది హనుమక్క. "కరువులో పెరిగిన కడుపు. దాని బుద్ధి నాకు తెల్దా."

"నీది కాదులే అమ్మా, నాది," అన్నాడు ఎర్రిస్వామి. "పొద్దంతా తిండి మీదే ఉంటాది నా మనసు."

"నాదేమో," అంది పెన్నమ్మ, తల వంచుకుని. "మీకు తగ్గుతాదని లోపల ఎక్కడో ఉన్నిందేమో."

పేరు చెప్పకూడదని పొయ్యికి కట్టడి. అయితే చేసిన మనిషికి తాళం రాసుకున్న లెక్క తెరిచే వీలుంది. గంగరత్న తెరిచింది. హనుమక్క చెయ్యి ఒప్పుకుంది. ఎర్రిస్వామి చెయ్యి ఒప్పుకుంది. పెన్నమ్మ చెయ్యి కూడా ఒప్పుకుంది. నాలుగో వరస దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఎవరిది పాపా?" అంది హనుమక్క.

"తెలియడం లేదు," అంది గంగరత్న. "యంత్రంలో ఏదో తప్పున్నట్టుంది."

మళ్ళీ పెట్టి చూసింది, ఎవరూ లేనప్పుడు. పెన్నమ్మ కడుపులో బిడ్డను తలుచుకుంది, డాక్టరు మాట తలుచుకుంది, గాఢంగా ఊపిరి పీల్చుకుని చెయ్యి ఆనించింది. ఒప్పుకోలేదంది పొయ్యి. ఇంకోసారి పెట్టింది. అదే మాట. ఈ తాళాన్ని ఎవరూ మోసం చెయ్యలేరని పతకం తీసుకున్న రోజు ఆమే సభలో చెప్పింది.

రెండు రోజులు ఆలోచించింది. చివరికి ఒక దారి దొరికింది. ఇంటి పట్టీలోంచి ఎవరి పేరు వాళ్ళు కొట్టేసుకోవచ్చు. దానికి సమ్మతి చూసే తాళం లేదు, తన పేరు తానే కొట్టేసుకునే మనిషి ఉంటాడని ఆమెకు తోచలేదు గనక. పేరు పోతే కంచం ఉండదు. ముగ్గురూ తలా కాస్త పెడితే తన ప్రాణం నిలుస్తుంది. కాస్త చాలు. అంతవరకు గంగరత్న ధైర్యం చేసింది. పేరు కొట్టేసింది. మిగిలిన ముగ్గురి చేతులూ ఆనించగానే తాళం ఊడింది.

ఆ మధ్యాహ్నం పొయ్యి మూడు కంచాలే పెట్టింది. పెన్నమ్మ కంచంలో రెండు ముద్దలు, ఉలవచారు, అవిసె పొడి కలిపిన మునగాకు పప్పు. నేలింట్లో అంత పెద్ద కంచం ఆమె ముందు ఎన్నడూ పడలేదు. గంగరత్న పొద్దుటినుంచి పచ్చి నీళ్ళ మీదే ఉంది. గోడకు ఆనుకుని చూస్తూ, ఈ బిడ్డ దక్కుతుంది అనుకుంది.

"మేడంకేదీ?" అన్నాడు ఎర్రిస్వామి.

"నాకు కొంచెం చాలు. అందరూ తినగా మిగిలితే పెట్టండి."

"బాగుండాది మాట," అంది హనుమక్క. "సుట్టాన్ని కూసోబెట్టి మనం తినేదా? ఈ ఇంట్లో ఎప్పుడన్నా జరిగిండాదా ఆ పని?"

ఇంకో కంచం తెచ్చింది. తన ముద్దలో సగం విరిచి వేసింది. ఎర్రిస్వామి తన దాంట్లో సగం వేశాడు. పెన్నమ్మ ఏమీ విరవలేదు. రెండు ముద్దల్లో పెద్దది ఎత్తి అలాగే పెట్టి, పప్పు కూడా దాని మీదికి వంచింది. ఆమె ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. కంచం గంగరత్న ముందుకు వచ్చేసరికి ఆ ఇంట్లో అందరి కంచాల కంటే అదే నిండుగా ఉంది.

"తినుకో అక్కా," అంది పెన్నమ్మ. "రొండు దినాలుగా సిక్కిపోయినావు."

పొయ్యి పీటల బరువు చూసింది, ఊపిరి చూసింది.

"పెన్నమ్మకు కొరత," అంది. "నేను సరిగానే పంచాను. కారణం తెలియడం లేదు."

కారణం గంగరత్నకు తెలుసు. చెబుదామనే నోరు తెరిచింది. చెయ్యి అప్పటికే ముద్ద కలుపుతోంది.