సదానంద వద్దన్న సూది

వై.ఎన్.హొసకోట బజారులో సదానంద కొరికి చూడనిదే వేరుశనగ బేరం మొదలవదు. అతను గింజ నమిలి ఉమ్మేశాడంటే ఆ సంచులను మరొకరు ముట్టరు. ఆ పొద్దున కూడా ఇంటి ముందరి అంగడిలో నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు కానీ రుచి తెలియలేదు. లోపలి గదిలో భార్య జలజ మూలుగుతోంది. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్, ముదిరిపోయిందని బెంగళూరులో చెప్పి నెలయింది. బజారుకు మాత్రం పిత్తాశయంలో రాయి అని చెప్పుకున్నాడు. ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ జబ్బు పేరు బయటికి వస్తే రేపు సంబంధాలు రావని అతని లెక్క.

అంతలో ఆశా కార్యకర్త నేత్రావతి జాబితా పట్టుకుని వచ్చింది. పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు సర్కారు వేసే టీకా సూది ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో పైవాళ్లు సరిచూస్తున్నారట. ఊరంతా బాగానే పడింది, ఈ వీధిలోనే తొమ్మిది మంది మిగిలిపోయారు. మొదటి పేరు సదానంద కూతురు వినుతది.

"ఎందుకు వేయించలేదో రాసుకోవల్ల అన్నా."

"ఊరికే ఇచ్చే సరుకు నేను నమ్మనమ్మా. అదే రాసుకో."

"తక్కిన ఎనిమిది ఇండ్లల్లో ఒకటే మాట చెప్పినారు. సదానందన్న వద్దన్నాడు, మాకూ వద్దని. అదీ రాసుకోనా?"

జలజ గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏ జబ్బు రాకుండా వేస్తారు నేత్రా ఆ సూది?"

నేత్రావతి తల దించుకుని చెప్పింది. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే వైరస్ అంటకుండా.

జలజ మొగుడి వైపు చూసింది. ఆ సంగతి అతను బెంగళూరు ఆసుపత్రిలోనే విన్నాడు. కూతురికి వేయించారా అని డాక్టరమ్మ అడిగింది కూడా. సూది వద్దని బజారులో అంతకుముందే అన్న మాట వెనక్కి తీసుకుంటే అందరూ కారణం అడుగుతారని గమ్మునుండిపోయాడు.

"తెలిసే ఊరుకుంటిరా?" జలజ గొంతు పెంచలేదు. "నేను ఎట్లాగూ పోతాను. ఈ నొప్పి దానికీ పెట్టి పొమ్మంటారా?"

సదానంద కళ్లు తుడుచుకున్నాడు. నేత్రావతి తెచ్చిన ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు.

"ఒక్క మన వినుతకేనా?" అంది జలజ. "మీ మాట విన్న ఇండ్లకు మీరే పోయి చెప్పండి. నా రోగం పేరు పెట్టే చెప్పండి."

అతను చెప్పులు వేసుకుని పక్క అంగడి మెట్లెక్కాడు. మల్లేశప్ప మనవరాలిది జాబితాలో రెండో పేరు.

"మల్లేశప్పా, మా జలజకు రాయి కాదప్పా. క్యాన్సర్."

బెల్లం తూస్తున్న మల్లేశప్ప చేయి ఆగిపోయింది.

"ఆ సూది ఈ జబ్బు రాకుండానే. మీ పాపకు వేయించు. నేను వద్దన్నది తప్పు."

మల్లేశప్ప తల ఊపాడు. సదానంద మెట్లు దిగాడు. ఇంకా ఏడు ఇళ్లున్నాయి. గుమ్మంలో కూర్చుని జలజ చూస్తూనే ఉంది.