కాగితపు బంతిలో పావురాలు

...లేదా, అసలు ముఖమంటూ ఒకటి మిగిలి ఉంటే ఈ అంటించుకున్న గడ్డం ఇంత దురద పెట్టేది కాదేమో, అనుకున్నాడు సుగనుమా. యుద్ధంలో ఒక పేరు, ఓడిపోయాక ఇంకొకటి. ఇవాళ కురే రేవులో ఓడకు అలంకారాలు కట్టే చెవిటి కూలి. చెవిలో వినికిడి యంత్రం మాత్రం గోడ అవతలి గుసగుసనైనా పట్టేస్తుంది.

ఎదురుగా కొండంత చమురు ఓడ. యుద్ధనౌకలు కట్టిన చేతులే ఇప్పుడు ముక్కలు ముక్కలుగా చేసి, వెల్డింగుతో అతికించి, మిగతా దేశాలకు పట్టే కాలంలో సగానికే ఓడ దించేస్తున్నాయి. తనూ అతుకులవాడే. నీళ్ళలోకి దిగే రోజే రాలేదు.

పొద్దున గూఢచారి శాఖ చీఫ్ ఒబాతా క్లుప్తంగా చెప్పాడు: "ఓడని పేల్చడానికి విదేశీ ముఠా మనిషొకడు యార్డులో దూరాడు. అలాగని జలప్రవేశం ఆపావో, కొనేవాళ్ళు వెనక్కి పోతారు. ఊరు మళ్ళీ చిలగడదుంపల మీద బతకాలి."

"మరి ఆ దుబాసీ రురికో ఎవరి వైపు సార్?"

"మనకీ, ఆ ముఠాకీ, ఇద్దరికీ పనిచేస్తోంది. మనసుపెట్టి ఎవరికి చేస్తోందో నువ్వే కనుక్కో."

ఆ రురికో ఊదారంగు కిమోనోలో, దుబాసీగా, వేదిక మీదే ఉంది. పక్కన వెండి గొడ్డలితో ఓడ యజమాని భార్య. వెనకే ఒక విదేశీ ఫొటోగ్రాఫర్. ఓడ కింది దన్నులన్నీ తీసేశారు. ఇక ఆపేది ఒక్క తాడే. అది తెగి ఓడ జారగానే, ముక్కున వేలాడే పెద్ద కాగితపు బంతిని ఒడ్డున కట్టిన దారం లాగుతుంది. బంతి విచ్చుకుని పావురాలు ఎగరాలి.

రురికో అతని పక్కగా నడిచింది. "మీ పావురాలు ఇవాళ మహా బుద్ధిగా ఉన్నాయే తాతా."

నవ్వింది పెదవులే.

సుగనుమా యంత్రమున్న చెవిని బంతి వైపు తిప్పాడు. రెక్కల అలికిడి లేదు, గోళ్ళ గీకుడు లేదు. ఈ ఊళ్ళో పిల్లవాడికైనా తెలుసు, పావురాలున్న బంతి చప్పుడు చెయ్యకుండా ఉండదని. బాంబు పెట్టినవాడికి అది వట్టి కాగితం. బాంబుకి చోటు కోసం పక్షుల్ని తీసేశాడు. దారం లాగిందంటే పేలుతుంది.

గొడ్డలి లేచింది. సుగనుమా వంగి కటింగ్ ప్లేయరుతో దారం తెంపాడు. గొడ్డలి దిగింది. ఓడ ఒళ్ళు విరుచుకుని సముద్రంలోకి జారిపోయింది, బంతి విచ్చుకోకుండానే.

అతను టోపీ తీశాడు. ఆ సంకేతానికి బాంబు స్క్వాడ్ పడవ ఓడ వెంట కదిలింది.

"ముసలోడా, ఒక్క ముడి వెయ్యడం చేతకాదా? ఇంత ఓడకి అపశకునం చేశావు గదా," మేస్త్రీ మండిపడ్డాడు.

సుగనుమా వినపడనట్టు వంగి దండం పెట్టాడు.

రురికో ఫొటోగ్రాఫర్ వీపుకు విసనకర్ర ఆనించి, ఒబాతా కారు వైపు నడిపిస్తోంది. విసనకర్ర కింద పిస్తోలు. "థాంక్స్ అయినా చెప్పవా తాతా?"

"చెవుడమ్మా."

గోదాము వెనక గోనెపట్టా కింద బుట్ట దొరికింది. లోపల పావురాలు గుర్రుగుర్రుమంటున్నాయి. ఓడ దూరమైపోయింది, చప్పట్లు ఆగిపోయాయి. సుగనుమా గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"మీ డ్యూటీ ఇంకా అవలేదు," అని బుట్ట మూత తీశాడు.