రాజీనామా మీది తేదీ

ఉదయగిరి నుంచి ఆత్మకూరు బస్సులో ఎడమవైపు కిటికీ సీటు కోసం సందీప్ తెగ పోట్లాడేవాడు. గాలి కోసం కాదు. బస్టాండు దగ్గర ఒక మేడ మీద ‘షైనీ, అడ్వకేట్’ అనే బోర్డు అటువైపే కనిపిస్తుంది. ఇంకో ఐదు నిమిషాల్లో మనిషినే చూస్తాడు. అయినా బోర్డు కూడా కావాలి.

నిజానికి అతను వెళ్లేది పోయిన ఉద్యోగం కోసం. బెంగళూరు కంపెనీ ఒకటి ఆఫర్ లెటర్ ఇచ్చింది. నెల్లూరులో ఉన్న ఉద్యోగం వదిలేశాడు. చేరడానికి నాలుగు రోజుల ముందు, ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నామని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. రెంటికీ చెడ్డ రేవడయ్యాడు.

షైనీ మొదటిరోజే ఉన్నదున్నట్టు చెప్పింది. కోర్టు ఆ ఉద్యోగం ఇప్పించకపోవచ్చు. కానీ వాళ్ల మాట నమ్మే పాత ఉద్యోగం వదిలాడని కాగితాలతో చూపిస్తే నష్టపరిహారం అడగవచ్చు. ముందు నోటీసు, దిగిరాకపోతే దావా. చిన్నప్పుడు చర్చిలో పక్కన నిలబడి పాడుతూ, శ్రుతి తప్పితే మోచేత్తో పొడిచిన పిల్ల ఇప్పుడు నల్లకోటులో దావా అంటుంటే సందీప్‌కు సగమే వినిపించింది.

ఫీజు వద్దంది. అందుకని అతని తల్లి లిదియమ్మ ప్రతిసారీ తాను చెక్కిన చిన్న కొయ్య గరిటె ఒకటి ఇచ్చి పంపేది. నోటీసు వెళ్లిపోతే మళ్లీ రావడానికి సాకు ఉండదు. అందుకే సందీప్ ఒక్కో రోజు ఒక్కో కాగితమే తెచ్చేవాడు. షైనీ పెన్నుల డబ్బాలో ఐదు గరిటెలు చేరాయి.

ఐదోరోజు చివరి కాగితం, రాజీనామా తెచ్చాడు. షైనీ దాన్ని ఆఫర్ లెటర్ పక్కన పెట్టి చూసింది.

“ఏంది సందీప్ ఇది? లెటరొచ్చింది తొమ్మిదో తేదీ. నువ్వు ఎనిమిదినే రాజీనామా చేసినావు. లెటరు నమ్మి మానేసినాడని ఎట్టా రాసేది?”

ఫోనులో ఖాయమన్నారని చెప్పాడు. ఎవరైనా ఫోను చేసి వంద గరిటెలు కావాలంటే లిదియమ్మ ఆ పూటే కొయ్య కోస్తుంది, కాగితం అడగదు. ఆ ఇంట్లో పెరిగినవాడు మరి.

“ఒక్కరోజు ఆగలేకపోయినావా? అంత తొందరేంది?”

బయట వాన మొదలైంది. సందీప్ కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

“దానికి ముందు ఆదివారం చర్చిలో అనుకుంటా ఉన్నారు, నీకు కలువాయి టీచరు సంబంధం వచ్చిందని. పెద్ద జీతం చూపించి మీ నాయన్ని అడగాలనుకున్నా. ఇప్పుడు చూపించేదానికి ఏమీ లేదు. ఇష్టం మాత్రం ఉండాది, పదేళ్లుగా.”

షైనీ అతని ఫోను అడిగి తీసుకుని పాత మెసేజులు వెతికింది. ఏడో తేదీన కంపెనీ పంపిన మెసేజ్ దొరికింది: మీరు సెలెక్టయ్యారు, వెంటనే రిజైన్ చేయండి. కేసు మళ్లీ నిలబడింది. అరగంటలో నోటీసు టైపు చేసి సంతకం పెట్టి కవరు అంటించింది.

ఇక ఆత్మకూరుకు రావలసిన పనిలేదు. సందీప్ చెప్పులు వేసుకుంటూ, కాగితాలన్నీ మొదటిరోజే తేవలసిందని నసిగాడు.

“అన్నీ ఒకేసారి తెమ్మని నేనొక్కసారన్నా అడిగినానా?” అంది షైనీ, తల ఎత్తకుండా. “కలువాయి వాళ్లకు అప్పుడే వద్దని చెప్పినా. ఆరో గరిటె ఇక్కడికొద్దు. ఆదివారం మా ఇంటికి తెచ్చి మా నాయన చేతికియ్యి.”