పొగిడితే నమ్మని అమ్మాయి

"బొమ్మ చాలా బాగుందండీ" అన్నాడతను. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.

నవ్వరూ మరి? ఆ వారపత్రిక ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను 'వెటకారం'. వారం వారం ఒక పేజీ రాస్తాడు. ఏదైనా నచ్చకపోతే దాన్ని ఆకాశానికెత్తేస్తాడు. పోయిన వారం ఆస్పత్రి క్యూని మెచ్చుకున్నాడు, జనానికి ఫీజు లేకుండా ఓపిక నేర్పుతోందని. ఈ వారం రోడ్డు మీది గుంతల వంతు. అతని నోట మంచిమాట వచ్చిందంటే ఎవరికో మూడిందని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఈసారి మూడింది కొత్తగా చేరిన ఆర్టిస్టుకని అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుంది. గుంతల వ్యాసానికి తను వేసిన బొమ్మను బల్ల మీంచి తీసుకుని, "మళ్ళీ వేసి తెస్తాను మేడమ్" అని ఎడిటర్‌తో చెప్పి లేచిపోయింది.

నిజానికి అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే అతని ఖర్మ.

మధ్యాహ్నం ఆమె ఇంకో బొమ్మ తెచ్చింది. "మొదటిదే బాగుంది" అన్నాడు. మళ్ళీ నవ్వులు. సాయంత్రానికి కబురు తెలిసింది. పాఠ్యపుస్తకాల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగం ఉందట, ఆమె అక్కడికి వెళ్ళిపోతుందట. అతను రాస్తున్న కాగితం అలాగే వదిలేసి లేచాడు. ఎందుకంత కంగారో అప్పటికి అతనికీ తెలియదు.

గబగబా కిందికి దిగాడు. బయట వాన. గుమ్మం దగ్గర ఆమె గొడుగు విప్పబోతోంది.

"మీరు వెళ్ళిపోతారటగా?"

"అవును. మీకు సంతోషమేగా?"

"అస్సలు కాదు."

"అంటే సంతోషమన్నమాట. మీ భాష ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది."

"అయ్యో, నేను నిజంగానే చెప్తున్నానండీ. ఒట్టు."

"మీ నోట ఒట్టు కూడా వెటకారంలాగే వినిపిస్తోంది." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మీరు గుంతల్ని పొగిడితే జనం ఎందుకు నవ్వుతారో చెప్పండి. అవి బాగుండవని మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. అందుకే మీరు తిప్పి రాసినా సూటిగానే అందుతుంది. మరి నా బొమ్మ గురించి మీ మనసులో ఏముందో ఎవరికి తెలుసు? అది తెలియకుండా వెటకారమో నిజమో ఎలా పోల్చుకోవాలి?"

ఇన్నేళ్ళుగా రాస్తున్నాడు గానీ, ఇంత సూటిగా అతన్ని ఎవరూ అడగలేదు. గడుసు జవాబు ఏదో నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"మీ బొమ్మలో ఒకాయన గుంతలోని నీళ్ళలో ముఖం చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు" అన్నాడు మెల్లగా. "ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పనికి వెళ్తున్నట్టున్నాడు. నా వ్యాసంలో ఆయన లేడు. నేను గుంతని చూసి నవ్వుకున్నాను, అంతే. మీరు దాని పక్కన బతికే మనిషిని చూశారు. ఆ బొమ్మ చూశాక నా రాత నాకే తేలిపోయినట్టు అనిపించింది. ఇదంతా చెప్పకుండా బాగుందని ఒక్క ముక్క అనేసి ఊరుకున్నాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. వెటకారం ఇంత వివరంగా, ఇంత భయపడుతూ ఉండదని ఆమెకు అర్థమైంది.

"ఎక్కడికీ వెళ్ళనులెండి. రేపు మొదటి బొమ్మే ఇస్తాను" అంది. తర్వాత గొడుగు కొంచెం పక్కకు వంచి, "రండి, తడిసిపోతారు" అంది.

అది ఒక్కరికి సరిపోయే గొడుగు. ఇద్దరికీ చెరో భుజం తడిసింది. ఆ తర్వాత చాలా వానలకు వాళ్ళు దానితోనే సరిపెట్టుకున్నారు.

ఒక ఆదివారం ఆమె అతన్ని వాళ్ళ నాన్న కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళింది. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, టీ పెడతానని వెనక గదిలోకి వెళ్ళింది.

పెద్దాయన ఒక అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ, "అమ్మాయి అంతా చెప్పింది" అన్నారు. "మీ వ్యాసాలు కూడా చదివాను. గుంతలు మంచివని రాశారు. నేను ఒప్పుకోను."

"అది... వేరే ఉద్దేశంతో రాసిందండీ."

"సరే. మీలాంటి అల్లుడు దొరకడం మా అదృష్టం." ఆయన ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. చేతిలోని గుడ్డ మాత్రం కదులుతోంది.

అతని చెవులు వేడెక్కాయి. "అర్థమైందండీ" అని లేచి బయటికి నడిచాడు.

వీధి మలుపు దగ్గర ఆమె పరుగున వచ్చి పట్టుకుంది. "ఏమైంది?"

"ఏముంది, మీ నాన్న నన్ను ఉతికి ఆరేశారు. నాలాంటి అల్లుడు దొరకడం అదృష్టమట."

"అయితే?"

"అయితే ఏంటి? అంత వెటకారం నేను కూడా రాయలేను."

ఆమె నవ్వింది. నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. "మా నాన్నకి వెటకారం రాదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క జోకు వేయలేదు. అదృష్టమన్నారంటే అదృష్టమనే."

ఆమె నవ్వు మెల్లగా తగ్గింది. "మనసారా మెచ్చుకున్న మాట ఎగతాళిలా చెవిన పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా?"

తెలిసింది. సిగ్గేసింది కూడా. ఆ రోజు ఆమె ఎంత బాధపడి లేచి వెళ్ళిందో అతనికి ఇప్పుడు అర్థమైంది.

ఇద్దరూ వెనక్కి వచ్చేసరికి పెద్దాయన అయోమయంగా గుమ్మంలో నిలబడి ఉన్నారు. "టీ తాగకుండా వెళ్ళిపోయారేం బాబూ? నేనేమైనా తప్పుగా అన్నానా?"

"మీరేం అనలేదండీ. నాకే వినడం రాలేదు." అతను సూటిగా ఆయన వైపే చూశాడు. "నాకు మీ అమ్మాయంటే చాలా ఇష్టమండీ. పెళ్ళి చేసుకుంటాను."

పెద్దాయన గుమ్మం దిగి దగ్గరికి వచ్చారు. "ఈ మాట మీరు పత్రికలో రాసేలాగా, నేను మాట్లాడేలాగా?"

"మీరు మాట్లాడేలాగేనండీ."

ఆయన కూతురి వైపు తిరిగారు. "నమ్మొచ్చా అమ్మా?"

"నేను నమ్మాను నాన్నా" అంది ఆమె.